మహమ్మారి, వలస సంక్షోభాల్లో ఆర్థిక విధానాలు

మహమ్మారులు, యుద్ధాలు, పెద్దయెత్తున జరిగే వలసలు ఒక దేశానికి పరిమితం కావు. అవి విరుచుకుపడినప్పుడు ప్రజల తిండిని, ఆదాయాన్ని, ఉపాధిని, వ్యాపారాల మనుగడను కాపాడటానికి ప్రభుత్వాలు, కేంద్ర బ్యాంకులు, అంతర్జాతీయ సంస్థలు చేపట్టే చర్యలను సంక్షోభ కాల ఆర్థిక విధానాలు అంటారు. ఈ వ్యాసం వాటి చరిత్రను, సాధనాలను, పనితీరును వివరిస్తుంది. 2020లో కోవిడ్-19 వచ్చినప్పుడు భారతదేశంలో రెండు సంక్షోభాలు కలిసి వచ్చాయి. ఒకటి రోగం, రెండోది నగరాల నుంచి సొంతూళ్లకు కోటి మందికి పైగా కార్మికుల తిరుగు ప్రయాణం. అందుకే ఇక్కడ భారత అనుభవానికి ఎక్కువ చోటు దక్కింది. ఇతర దేశాల అనుభవాలు పోలిక కోసం ఉన్నాయి.

నిర్వచనం, పరిధి

మామూలు ఆర్థిక మాంద్యంలో కొనుగోళ్లు తగ్గుతాయి, దాంతో ఉత్పత్తి తగ్గుతుంది. ప్రభుత్వం ఖర్చు పెంచి, వడ్డీలు తగ్గించి కొనుగోళ్లను పెంచాలని చూస్తుంది. మహమ్మారిలో పరిస్థితి వేరు. రోగం వ్యాపించకుండా ప్రభుత్వమే పనులు ఆపిస్తుంది, దుకాణాలు మూయిస్తుంది. అలాంటప్పుడు వృద్ధి రేటు కన్నా ముందు, పని లేని రోజుల్లో ఇంట్లో పొయ్యి వెలిగేలా చూడటం విధానం లక్ష్యమవుతుంది.

వలస సంక్షోభంలో చిక్కు ఇంకో రకంగా ఉంటుంది. సంక్షేమ పథకాలు చాలావరకు చిరునామాకు కట్టుబడి ఉంటాయి. 2020 నాటికి చాలా రాష్ట్రాల్లో రేషన్ కార్డు ఒక ఊరి దుకాణానికి, ఓటు ఒక పోలింగ్ కేంద్రానికి, ఉపాధి కార్డు ఒక పంచాయతీకి చెందేవి. మనిషి కదిలిపోతే ఈ హక్కులు అతనితో కదిలేవి కావు. సంక్షోభ కాలంలో ఏ పథకం ఎవరికి అందిందన్నది ఆ పథకం పరిమాణం కన్నా, అంతకుముందే ఉన్న పంపిణీ వ్యవస్థ ఎవరిని గుర్తించగలదన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడింది. ఇటీవలి అనుభవాలన్నిటిలో ఇది స్థిరంగా కనిపిస్తుంది.

బలవంతపు వలసలో చట్టపరంగా వేర్వేరు వర్గాలున్నాయి. హింసకు, వేధింపులకు భయపడి దేశ సరిహద్దు దాటినవారు శరణార్థులు. అవే కారణాలతో స్వదేశంలోనే ఇల్లు విడిచినవారు అంతర్గత నిర్వాసితులు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్క ప్రకారం 2024 చివరికి ప్రపంచంలో ఇలా చెదిరిపోయినవారు 12.32 కోట్ల మంది. పని కోసం వెళ్లి, పని పోయి తిరిగి వచ్చిన కార్మికులు ఈ లెక్కలోకి రారు. 2020లో రహదారుల మీద నడిచిన భారతీయ కార్మికులకు అంతర్జాతీయ చట్టంలో ప్రత్యేక హోదా లేదు. వారికి రక్షణ ఏదైనా ఉంటే అది దేశీయ చట్టాల నుంచి, పథకాల నుంచి రావలసిందే. భారతదేశం 1951 శరణార్థుల ఒప్పందంపై సంతకం చేయలేదు.

చారిత్రక నేపథ్యం

కరవు పనులు, కరవు నియమావళి

దక్షిణ భారతంలో ప్రభుత్వం చేపట్టిన సహాయ చర్యలకు తొలి పెద్ద పరీక్ష 1876-78 కరవు. మద్రాసు రాజధానిలో, ముఖ్యంగా బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల్లో లక్షల మంది చనిపోయారు. బ్రిటిష్ ప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించడానికి కరవు పనుల్లో పురుషుడి రోజు కూలిని ఒక పౌను ధాన్యం, ఒక అణాకు కుదించాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. బరువు పని చేసే మనిషికి ఇది చాలదని మద్రాసు రాజధాని శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా అభ్యంతరం చెప్పాడు. సహాయం ఎంత ఇవ్వాలి, ఎవరికి ఇవ్వాలి, ఎక్కువిస్తే జనం సోమరులవుతారా అన్న వాదన ఈ దేశంలో అప్పటి నుంచి ఆగలేదు. 1880 నాటి కరవు కమిషన్ నివేదిక ఆధారంగా కరవు నియమావళులు వచ్చాయి. పంట పోయినప్పుడు పనులు తెరవడం, పని చేయలేనివారికి ఉచితంగా తిండి పెట్టడం వాటి సారం.

ఈ వరస స్వాతంత్ర్యం తర్వాతా కొనసాగింది. 1972 కరవులో మహారాష్ట్ర చేపట్టిన ఉపాధి పథకం తర్వాత చట్టమైంది. 2005లో పార్లమెంటు జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం చేసింది. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకాన్ని ప్రారంభించింది అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. పదునాలుగేళ్ల తర్వాత నగరాల నుంచి తిరిగి వచ్చినవారికి అదే ప్రధాన ఆధారమైంది.

1918 విషజ్వరం

1918-19 ఇన్‌ఫ్లుయెంజాకు భారతదేశంలో కనీసం కోటి మందికి పైగా బలయ్యారని చరిత్రకారుల అంచనా. అదే ఏడాది వానలు లేవు, ధరలు మండిపోయాయి. అప్పటి ప్రభుత్వం ఆదాయ సహాయం అనదగ్గది ఏదీ ఇవ్వలేదు. 1897లో ప్లేగు సమయంలో చేసిన అంటువ్యాధుల చట్టం అధికారులకు ఆంక్షలు పెట్టే అధికారం ఇచ్చింది గానీ, ఆంక్షల వల్ల కూలి పోయినవారికి ఏం చేయాలో చెప్పలేదు. 2020లోనూ రాష్ట్రాలు మొదట ఆశ్రయించింది ఈ చట్టాన్నే.

బర్మా, విభజన, బంగ్లాదేశ్

తెలుగువారికి బలవంతపు వలస కొత్త కాదు. కోస్తా జిల్లాల నుంచి తరతరాలుగా రంగూన్ వెళ్లి రేవుల్లో, ధాన్యపు మిల్లుల్లో పనిచేసినవారు 1942లో జపాన్ దాడితో లక్షలాది భారతీయులతో కలిసి తిరిగి వచ్చారు. చాలామంది అడవుల గుండా కాలినడకనే వచ్చారు. 1962లో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చి దుకాణాలను, వ్యాపారాలను జాతీయం చేశాక మరోసారి సుమారు 3 లక్షల మంది భారతీయులు బర్మా విడిచారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు పేరు ఆనాటిదే. బర్మా, శ్రీలంకల నుంచి వచ్చినవారికి రుణాలివ్వడానికి కేంద్రం 1969లో మద్రాసు కేంద్రంగా ప్రత్యేక సహకార బ్యాంకును స్థాపించింది. రెప్కో బ్యాంకుగా అది నేటికీ నడుస్తోంది. అన్నం పెట్టి ఊరుకోకుండా జీవనాధారం కోసం పెట్టుబడి సమకూర్చిన విధానాలలో ఇది ముఖ్యమైనది.

దేశ విభజన తర్వాత కేంద్రం పునరావాసానికి ప్రత్యేక మంత్రిత్వ శాఖను నడిపింది. తూర్పు బెంగాల్ శరణార్థుల కోసం 1958లో దండకారణ్య పథకం మొదలైంది. నేటి ఒడిశా, ఛత్తీస్‌గఢ్ అడవి ప్రాంతాల్లో భూములిచ్చి స్థిరపరచాలన్నది ఉద్దేశం. నీటి మనుషులను రాతి నేలకు తెచ్చారన్న విమర్శ ఎదుర్కొంది. చాలా కుటుంబాలు తర్వాత వెనుదిరిగాయి. ఆ భూములను అడవిగా నమ్ముకున్న ఆదివాసుల నష్టం ఆనాటి లెక్కల్లోకి రాలేదు.

1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి సుమారు కోటి మంది శరణార్థులు వచ్చారు. వారి భారాన్ని మోయడానికి కేంద్రం దేశమంతటి మీదా పన్ను వేసింది. 1971 నవంబరు 15 నుంచి తపాలాకు అదనంగా 5 పైసల శరణార్థి సహాయ బిళ్ల అంటించడం తప్పనిసరి అయింది. ఇది 1973 మార్చి వరకు సాగింది. విదేశీ సహాయం ఖర్చులో కొంత భాగానికే సరిపోయింది. ఒక పెద్ద శరణార్థి సంక్షోభానికి పేద దేశం సాధారణ పౌరుల జేబు నుంచి నిధులు సమకూర్చుకున్న అరుదైన సందర్భం ఇది.

విధాన సాధనాలు

ప్రభుత్వ ఆదాయవ్యయాల ద్వారా నడిచేది కోశ విధానం. వడ్డీ రేట్లు, నగదు లభ్యత ద్వారా కేంద్ర బ్యాంకు నడిపేది పరపతి విధానం. 2020లో దాదాపు అన్ని దేశాలూ రెండింటినీ వాడాయి. ఏది ఎంత అన్నదే తేడా.

సంపన్న దేశాలు ప్రధానంగా రెండు దారులు పట్టాయి. అమెరికా జనానికి నేరుగా డబ్బిచ్చింది. 2020 మార్చి 27 నాటి కేర్స్ చట్టం విలువ సుమారు 2.2 లక్షల కోట్ల డాలర్లు. నిర్ణీత ఆదాయ పరిమితిలో ఉన్న ప్రతి పెద్దవారికి 1,200 డాలర్లు, పిల్లలకు 500 డాలర్లు, పని పోయినవారికి మామూలు భృతికి అదనంగా వారానికి 600 డాలర్లు ఇచ్చింది. ఐరోపా దేశాలు ఉద్యోగ బంధం తెగకుండా చూశాయి. బ్రిటన్‌లో ఇంటి దగ్గరే ఉన్న ఉద్యోగి జీతంలో 80 శాతం, నెలకు 2,500 పౌండ్లు మించకుండా, ప్రభుత్వమే భరించింది. 2021 సెప్టెంబరు దాకా సాగిన ఈ పథకం కిందికి 1.17 కోట్ల ఉద్యోగాలు వచ్చాయి. జర్మనీలో పని గంటలు తగ్గించి, కోల్పోయిన జీతంలో కొంత భాగాన్ని ప్రభుత్వం చెల్లించే పాత పద్ధతిని విస్తరించారు. 2020 ఏప్రిల్‌లో దాదాపు 60 లక్షల మంది దాని పరిధిలో ఉన్నారు.

ఈ పద్ధతులకు ఒక షరతు ఉంది. కార్మికుడి పేరు, జీతం, యజమాని ఎక్కడో నమోదై ఉండాలి. పనివారిలో అత్యధికులు అసంఘటిత రంగంలో ఉన్న దేశాలకు ఆ వెసులుబాటు లేదు. బ్రెజిల్ కొంతవరకు దీన్ని దాటింది. పాత జాబితాలో లేనివారు కూడా ఫోన్ ద్వారా నమోదు చేసుకునే వీలు కల్పించి, 6.7 కోట్ల మందికి పైగా అత్యవసర సహాయం చెల్లించింది. తొలి నెలల్లో నెలకు 600 బ్రెజిల్ రియల్‌లు ఇచ్చింది. ఆ ఏడాది అక్కడ పేదరికం తాత్కాలికంగా తగ్గింది.

భారతదేశం మూడు సాధనాలను నమ్ముకుంది. అవి గోదాముల్లోని ధాన్యం, గ్రామీణ ఉపాధి పనులు, బ్యాంకు రుణం. నగదు బదిలీ ఉంది గానీ చిన్నది.

భారతదేశ అనుభవం, 2020-22

లాక్‌డౌన్, తొలి ప్యాకేజీ

2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రధాని ప్రకటన వెలువడింది. నాలుగు గంటల తర్వాత, అర్ధరాత్రి నుంచి, దేశమంతా 21 రోజుల లాక్‌డౌన్ అమల్లోకి వచ్చింది. రైళ్లు, బస్సులు అప్పటికే ఆగాయి. తర్వాత మూడుసార్లు పొడిగించి మే 31 దాకా కొనసాగించారు.

మార్చి 26న ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ 1.70 లక్షల కోట్ల రూపాయల ప్రధానమంత్రి గరీబ్ కల్యాణ్ ప్యాకేజీ ప్రకటించారు. రేషన్ కార్డులున్న సుమారు 80 కోట్ల మందికి మనిషికి నెలకు 5 కిలోల బియ్యం లేదా గోధుమలు, కుటుంబానికి కిలో పప్పు మూడు నెలలు ఉచితం. జన్‌ధన్ ఖాతాలున్న 20 కోట్ల మంది మహిళలకు నెలకు 500 రూపాయల చొప్పున మూడు నెలలు. వృద్ధులు, వితంతువులు, వికలాంగులకు 1,000 రూపాయలు. ఉజ్జ్వల లబ్ధిదారులకు మూడు వంటగ్యాస్ సిలిండర్లు. ఉపాధి హామీ సగటు కూలి 182 నుంచి 202 రూపాయలకు పెంపు. పీఎం కిసాన్ 2,000 రూపాయల వాయిదా ఏప్రిల్‌లోనే చెల్లింపు. ఈ చివరిది కొత్త ఖర్చు కాదు, బడ్జెట్‌లో ఉన్నదాన్ని ముందుకు జరిపారు.

ధాన్యం పంచగలగడానికి కారణం అప్పటికే నిల్వలు పొంగిపోతుండటం. 2020 ఏప్రిల్ నాటికి భారత ఆహార సంస్థ దగ్గర 7 కోట్ల టన్నులకు పైగా ధాన్యం ఉంది. ఆ త్రైమాసికానికి ఉండాల్సిన నిల్వ 2.1 కోట్ల టన్నులే. ఉచిత ధాన్యం పథకం మధ్యలో 2020 డిసెంబరు నుంచి 2021 ఏప్రిల్ దాకా ఆగినా, మొత్తం 28 నెలలు సాగి 2022 డిసెంబరులో ముగిసింది. దాని ఖర్చు సుమారు 3.9 లక్షల కోట్ల రూపాయలు. ఆ తర్వాత ఆహార భద్రత చట్టం కింది ధాన్యాన్నే ఉచితం చేశారు.

రిజర్వ్ బ్యాంకు చర్యలు

మార్చి 27న రిజర్వ్ బ్యాంకు రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పుపై వడ్డీని) 5.15 నుంచి 4.40 శాతానికి, మే 22న 4 శాతానికి తగ్గించింది. 2022 మే దాకా అది అక్కడే ఉంది. బ్యాంకుల నగదు నిల్వల నిష్పత్తిని 3 శాతానికి దించింది. రుణ వాయిదాలు కట్టకుండా ఉండే వీలు మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా ఇచ్చింది. ఇది మాఫీ కాదు. ఆ ఆరు నెలల వడ్డీ అసలుకు చేరింది. వడ్డీ మీద వడ్డీ వివాదం సుప్రీంకోర్టుకు చేరాక, 2 కోట్ల రూపాయల లోపు రుణాలకు చక్రవడ్డీ భారాన్ని కేంద్రం భరించింది.

ఆత్మనిర్భర్ ప్యాకేజీ

మే 12న ప్రధాని 20 లక్షల కోట్ల రూపాయల ఆత్మనిర్భర్ భారత్ ప్యాకేజీ ప్రకటించారు. ఇది జీడీపీలో 10 శాతమని చెప్పారు. మే 13 నుంచి 17 దాకా అయిదు విడతల్లో వివరాలు వచ్చాయి. మొత్తం 20.97 లక్షల కోట్లలో 8 లక్షల కోట్లకు పైగా రిజర్వ్ బ్యాంకు కల్పించిన నగదు లభ్యత. మిగిలినదాంట్లోనూ హామీ రుణాలు ఎక్కువ. చిన్న పరిశ్రమలకు తాకట్టు లేకుండా 3 లక్షల కోట్ల రుణాలకు ప్రభుత్వం పూర్తి హామీ ఇచ్చింది. కోటికి పైగా రుణగ్రహీతలు ఆ పథకాన్ని వాడుకున్నారు. వీధి వ్యాపారులకు 10,000 రూపాయల రుణమిచ్చే స్వనిధి పథకం జూన్ 1న మొదలైంది. బడ్జెట్ నుంచి నేరుగా పెట్టిన కొత్త ఖర్చు జీడీపీలో ఒకటి రెండు శాతమేనని చాలామంది ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. ప్యాకేజీ మొత్తాన్ని, ప్రజల చేతికి వచ్చిన మొత్తాన్ని వేర్వేరుగా చూడటం ఇలాంటి ప్రకటనలను అర్థం చేసుకోవడానికి తప్పనిసరి.

వలస కార్మికుల తిరుగు ప్రయాణం

దేశంలో వలస కార్మికులెందరో లాక్‌డౌన్ నాటికి ఎవరి దగ్గరా కచ్చితమైన లెక్క లేదు. 2011 జనగణన ప్రకారం అంతర్గత వలసదారులు 45 కోట్ల మంది, జనాభాలో 37 శాతం. పెళ్లితో ఊరు మారిన మహిళలే వారిలో పెద్ద భాగం. 2016-17 ఆర్థిక సర్వే ఏటా సుమారు 90 లక్షల మంది పని కోసం రాష్ట్రాలు మారుతున్నారని అంచనా వేసింది.

తొలి ప్యాకేజీలో వారికి ప్రత్యేకంగా ఏమీ లేదు. రేషన్ కార్డు ఉన్నా చాలామందికి అది సొంతూరి దుకాణానిది. ఒడిశా బలాంగీర్, నువాపడా జిల్లాల నుంచి మేస్త్రీల దగ్గర అడ్వాన్సు తీసుకుని తెలుగు రాష్ట్రాల ఇటుక బట్టీలకు వచ్చినవారికి బట్టీ యజమానే దిక్కు. మిరప కోతల కోసం ఛత్తీస్‌గఢ్ నుంచి తెలంగాణకు వచ్చిన కూలీలు అడవి దారుల్లో తిరిగి నడిచారు. వారిలో ఒక పన్నెండేళ్ల బాలిక ఇంటికి చేరువలో ప్రాణం విడిచింది. మే 8న మహారాష్ట్ర ఔరంగాబాద్ దగ్గర పట్టాల మీద నిద్రపోయిన 16 మంది కార్మికులను గూడ్సు రైలు బలిగొంది.

వలస కార్మికులను ఇళ్లకు చేర్చే తొలి శ్రామిక్ రైలు తెలంగాణ నుంచే కదిలింది. సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ హైదరాబాద్ భవనాల నిర్మాణంలో ఉన్న కార్మికులు వేతనాల కోసం, ఇంటికి పంపాలని ఏప్రిల్ 29న ఆందోళనకు దిగారు. మే 1 తెల్లవారుజామున లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో ప్రత్యేక రైలు బయలుదేరింది. లాక్‌డౌన్ మొదలై అప్పటికి అయిదు వారాలు దాటింది. ఆగస్టు చివరికి 4,621 శ్రామిక్ రైళ్లలో 63.19 లక్షల మంది ప్రయాణించారు. టికెట్టు ఖర్చు ఎవరు భరించాలన్నది వివాదమైంది. కార్మికుల నుంచి చార్జీ తీసుకోవద్దని సుప్రీంకోర్టు మే 28న ఆదేశించింది. తిరిగి వెళ్లినవారు 1.04 కోట్ల మందికి పైగా అని కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. వారిలో 32 లక్షల మంది ఉత్తరప్రదేశ్‌కు, 15 లక్షల మంది బిహార్‌కు చేరారు. దారిలో మరణించిన వలస కార్మికుల లెక్క తన దగ్గర లేదని కార్మిక శాఖ 2020 సెప్టెంబరులో చెప్పింది.

మేలో ప్రకటించిన పథకం ప్రకారం కార్డు లేని 8 కోట్ల మంది వలసదారులకు రెండు నెలలు మనిషికి 5 కిలోల ధాన్యం, కుటుంబానికి కిలో శనగలు ఇవ్వాలి. కేటాయించిన 8 లక్షల టన్నుల్లో సగం కూడా పంపిణీ కాలేదు. అవసరం లేక కాదు. అప్పటికి చాలామంది దారిలో ఉన్నారు, మిగిలినవారిని గుర్తించే జాబితా లేదు.

జూన్ 20న ఆరు రాష్ట్రాల్లోని 116 జిల్లాల కోసం 125 రోజుల గరీబ్ కల్యాణ్ రోజ్‌గార్ అభియాన్ మొదలైంది. తెలుగు రాష్ట్రాలు అందులో లేవు. ఉపాధి హామీకి బడ్జెట్‌లోని 61,500 కోట్లకు అదనంగా 40,000 కోట్లు ఇచ్చారు. 2020-21లో దేశవ్యాప్తంగా 389 కోట్ల పనిదినాలు నమోదయ్యాయి. ముందు ఏడాది ఇవి 265 కోట్లు. అడిగినవారికి పని ఇవ్వాలని ఆ చట్టం చెప్పింది కాబట్టి డిమాండు పెరగగానే వ్యవస్థ విస్తరించగలిగింది. పట్టణాల్లో అలాంటి చట్టం లేకపోవడంతో అడ్డా కూలీలకు, ఇళ్లలో పనిచేసేవారికి ఆ అండ దొరకలేదు.

తెలుగు రాష్ట్రాలు

తెలంగాణ ఆహార భద్రత కార్డున్నవారికి మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చింది. ఇతర రాష్ట్రాల కార్మికులకు కార్డుతో నిమిత్తం లేకుండా 12 కిలోల బియ్యం లేదా పిండి, 500 రూపాయలు ప్రకటించింది. స్థానికత చూడకుండా తొలి వారంలోనే ఇలా ప్రకటించిన రాష్ట్రాలు తక్కువ. ఆంధ్రప్రదేశ్ ఏప్రిల్ 4న తెల్ల కార్డు కుటుంబాలకు 1,000 రూపాయల చొప్పున గ్రామ, వార్డు వాలంటీర్ల చేత ఇంటికే పంపింది. గుజరాత్‌లోని వేరావల్ రేవులో చిక్కుకున్న శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల మత్స్యకారులు నాలుగు వేల మందికి పైగా. వారిని బస్సుల్లో రప్పించింది. రాష్ట్రం మీదుగా నడిచిపోతున్న కార్మికులకు రహదారి వెంట తిండి, నీరు, మరుగుదొడ్లు, విశ్రాంతి ఏర్పాట్లు చేయాలని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మే 15న ఆదేశించింది.

గల్ఫ్ వలస మరో కోణం. జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్, సిరిసిల్ల ప్రాంతాల కుటుంబాలు అక్కడి నుంచి వచ్చే డబ్బు మీద ఆధారపడతాయి. మే 7న మొదలైన వందే భారత్ మిషన్ విమానాల్లో తిరిగి వచ్చినవారిలో చాలామందికి కంపెనీల నుంచి జీతం బకాయిలు రావాల్సి ఉంది. దేశం మొత్తానికి చూస్తే 2020లో విదేశాల నుంచి వచ్చిన సొమ్ము సుమారు 8,300 కోట్ల డాలర్లు. ముందు ఏడాది కన్నా తగ్గింది 0.2 శాతమే. జాతీయ మొత్తం నిలకడగా ఉన్నా, పని పోయి వచ్చిన ఒక్కో ఇంటి కష్టం ఆ మొత్తంలో కనిపించదు.

రేషన్ పోర్టబిలిటీ

ఎక్కడున్నా రేషన్ తీసుకునే సౌకర్యం (ఒకే దేశం ఒకే రేషన్) మహమ్మారితో పుట్టింది కాదు. 2019 ఆగస్టు 9న ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య, గుజరాత్, మహారాష్ట్రల మధ్య ప్రయోగాత్మకంగా మొదలైంది. కార్డుదారు ఆధార్ వేలిముద్ర ఈ-పోస్ యంత్రంలో సరిపోతే తన వాటా ధాన్యం మరో రాష్ట్రపు దుకాణంలో తీసుకోవచ్చు. 2020 జనవరికి 12 రాష్ట్రాలు చేరాయి. వలస కార్మికుల్ని ఎక్కువగా పంపే ఉత్తరాది రాష్ట్రాలు కొన్ని, వారికి పనిచ్చే ఢిల్లీ, తమిళనాడు లాంటివి లాక్‌డౌన్ నాటికి చేరలేదు. రాష్ట్రాలు అప్పు తెచ్చుకునే పరిమితిని రాష్ట్ర జీడీపీలో 3 నుంచి 5 శాతానికి పెంచినప్పుడు కేంద్రం పెట్టిన షరతుల్లో ఈ పథకం అమలు ఒకటి. 2022 జూన్‌లో అస్సాం చేరడంతో దేశమంతా విస్తరించింది. ఇంకా మిగిలిన లోపం, ఆహార భద్రత చట్టం పరిధి 2011 జనాభా లెక్కల దగ్గరే ఆగిపోవడం. ఆ తర్వాత పెరిగిన జనాభాకు కార్డే లేకపోతే పోర్టబిలిటీ ఉన్నా ప్రయోజనం లేదు.

చట్టాలు, న్యాయస్థానాలు

1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం గుత్తేదారు నమోదు చేయించుకోవాలని, కార్మికుడికి నిర్వాసన భత్యం, ప్రయాణ భత్యం ఇవ్వాలని చెప్పేది. చట్టం ఉన్న నలభై ఏళ్లలో అమలు నామమాత్రం. అది అమలై ఉంటే 2020లో కనీసం ఒక జాబితా ఉండేది. 2020లో పార్లమెంటు దాన్ని వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతిలో కలిపింది. వలస కార్మికుల ఇక్కట్లపై సుమోటోగా చేపట్టిన కేసులో సుప్రీంకోర్టు 2021 జూన్ 29న తీర్పిచ్చింది. అసంఘటిత కార్మికుల నమోదు పోర్టల్‌ను, ఒకే దేశం ఒకే రేషన్‌ను జులై 31 లోపు పూర్తి చేయాలని, కార్డు లేని వలస కార్మికులకు ధాన్యం ఇవ్వాలని ఆదేశించింది. ఇ-శ్రమ్ పోర్టల్ ఆగస్టు 26న మొదలైంది.

ఆర్థిక ఫలితాలు

2020 ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో జీడీపీ 23.9 శాతం కుంగిందని తొలి అంచనా. ద్రవ్యలోటు 2019-20లో జీడీపీలో 4.6 శాతం, 2020-21లో 9.2 శాతం. లోటు పెరగడానికి ఖర్చుతో పాటు ఆదాయం పడిపోవడం, అంతవరకు బడ్జెట్ బయట చూపిన ఆహార సబ్సిడీ అప్పులను లెక్కలోకి తేవడం కూడా కారణాలు. సంపన్న దేశాల్లో భారీ బదిలీలు, సరఫరా అడ్డంకులు, ఉక్రెయిన్ యుద్ధం కలిసి ధరలు పెంచాయి. అమెరికాలో ద్రవ్యోల్బణం 2022 జూన్‌లో 9.1 శాతానికి చేరింది. ఇందులో బదిలీల వాటా ఎంతన్నది ఆర్థికవేత్తల మధ్య తేలని విషయం.

ఆతిథ్య దేశాల విధానాలు

శరణార్థులను శిబిరాల్లో ఉంచి తిండి పెట్టడం పాత పద్ధతి. పని హక్కు ఇచ్చి తమ కాళ్ల మీద నిలబడనివ్వడం కొత్త ధోరణి. ఉగాండా 2006 చట్టంతో శరణార్థులకు పని చేసుకునే, తిరిగే హక్కు ఇచ్చింది, సాగుకు కొంత భూమి ఇస్తోంది. జోర్డాన్ 2016లో దాతలతో ఒప్పందం చేసుకుంది. సిరియన్లకు 2 లక్షల వరకు పని అనుమతులిస్తే చౌక రుణాలు, ఐరోపా మార్కెట్లో ఎగుమతి రాయితీలు దక్కుతాయన్నది దాని సారం. అనుమతులు వచ్చాయి గానీ ఎగుమతులు ఆశించినంత పెరగలేదు. తుర్కియేలో ఐరోపా సంఘం నిధులతో శరణార్థి కుటుంబాలకు నెలవారీ నగదు కార్డు ద్వారా చెల్లించారు. కొలంబియా 2021లో వెనెజులా నుంచి వచ్చిన సుమారు 17 లక్షల మందికి పదేళ్ల తాత్కాలిక రక్షణ ప్రకటించింది. ఐరోపా సంఘం 2022 మార్చి 4న ఉక్రెయిన్ శరణార్థులకు నివాసం, పని, వైద్యం, చదువు హక్కులను అప్పటికే ఉన్న చట్టం కింద ఒక్క నిర్ణయంతో ఇచ్చింది. సిరియన్ల విషయంలో 2015లో అదే చట్టాన్ని వాడలేదు.

అంతర్జాతీయ సంస్థల పాత్ర

పేద దేశాలకు ఆపద సమయంలో అప్పు పుట్టదు. 2020 మే నుంచి 2021 డిసెంబరు దాకా జీ-20 దేశాలు 48 పేద దేశాల రుణ చెల్లింపులను, సుమారు 1,290 కోట్ల డాలర్లను, వాయిదా వేశాయి. ప్రైవేటు రుణదాతలు దాదాపు ఎవరూ అందులో చేరలేదు. 2021 ఆగస్టు 23న అంతర్జాతీయ ద్రవ్య నిధి 65,000 కోట్ల డాలర్ల విలువైన ప్రత్యేక డ్రాయింగ్ హక్కులు అనే నిల్వ ఆస్తులను సృష్టించింది. వాటిని సభ్యదేశాల కోటాల ప్రకారం పంచడంతో వర్ధమాన దేశాలన్నిటికీ కలిపి 27,500 కోట్ల డాలర్లు, అత్యల్పాదాయ దేశాలకు సుమారు 2,100 కోట్ల డాలర్లు మాత్రమే వచ్చాయి. అవసరం ఎక్కువున్న చోటికి కాక వాటా ఎక్కువున్న చోటికి నిధులు వెళ్లడం ఈ వ్యవస్థ నిర్మాణంలోనే ఉన్న లోపం.

నమోదు, గణాంకాలు

ఇ-శ్రమ్‌లో 30 కోట్లకు పైగా అసంఘటిత కార్మికులు నమోదయ్యారు. ప్రపంచంలో ఇంత పెద్ద కార్మిక జాబితాలు తక్కువ. అయితే నమోదు దానంతటదే ప్రయోజనం కాదు. ఊరు మారినప్పుడు ఆ వివరం పోర్టల్‌లో మారాలి, మారిన చోట రేషను, బీమా, పింఛను అందాలి. 2021లో జరగాల్సిన జనగణన మహమ్మారి వల్ల ఆగింది. కొత్త గణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా కేంద్రం 2025 జూన్‌లో నోటిఫై చేసింది. ఆ ఫలితాలు వచ్చేదాకా నమూనా సర్వేల అంచనాలు తప్ప, ఏ జిల్లా నుంచి ఎంతమంది ఏ నగరానికి వెళ్తున్నారో చెప్పే పూర్తి లెక్క 2011 నాటిదే.